ఆదివారం నాలుగింటి ట్రోమ్సో

ఇరవై రెండేళ్లుగా నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఆర్కిటిక్ వలయాన్ని అమ్ముకుని బతుకుతున్నాను. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు భూగోళం చెప్పే లెక్చరర్‌ని. బోర్డు మీద ఒక గుండ్రం, దాని నెత్తికి దగ్గరగా చుక్కల గీత, పక్కన అరవై ఆరున్నర డిగ్రీలు. "ఈ గీతకు పైన చలికాలంలో సూర్యుడు ఉదయించడు. చిమ్మచీకటి. బిట్ వస్తుంది, రాసుకోండి" అంటాను. గీత తుడిచేసి రుతుపవనాల్లోకి వచ్చేస్తాను.

పోయిన వేసవిలో వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడం, మీరు గాడికి పోయిన్రా?" అని అడిగింది. క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చినట్టే ముఖం పెట్టి, పోయినవాళ్లు రాసింది చదివాం కదమ్మా అని దాటేశాను. ఇంటికొచ్చి తలుపు తాళం తీస్తుంటే మాత్రం ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు. ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న నాకు నేను ఒక్కసారీ వేసుకోనందుకు.

నాకు యాభై నాలుగేళ్లు. పెళ్లి కాలేదా, చేసుకోలేదా అని అడిగేవాళ్లు కూడా ఈ మధ్య అడగడం మానేశారు. నాన్న ఉద్యోగం మీద కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికి వచ్చాం. అమ్మా నాన్నా పోయాక కొత్తపేట వైపు ఈ రెండు గదులూ, నేనూ మిగిలాం. క్లాసులున్న రోజుల్లో గొంతు పోయేలా మాట్లాడతాను. ఆదివారం క్లాసుండదు. శనివారం సాయంత్రం మూసిన నోరు సోమవారం పొద్దున ఆటోవాడితో బేరమాడటానికి తెరుస్తానన్నమాట. ఒంటరితనం అనే మాట నాకు నచ్చదు, కానీ దానికి ఇంకో మాట దొరకలేదు.

అలాంటి ఆదివారాలకు ఒక మనిషి వచ్చింది. మా కోచింగ్ సెంటర్‌లోనే చరిత్ర చెప్పే ఆవిడ, నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. నల్లగొండ వైపు పల్లె. క్రైస్తవులు. భర్తతో, అత్తగారితో మీర్‌పేట్‌లో ఉంటుంది. సెంటర్‌లో నన్ను మేడం అంటుంది, గడప లోపల అక్కా అంటుంది. ఏడాదికి పైగా ప్రతి ఆదివారం, చర్చి అయి, ఇంట్లో భోజనాలు అయ్యాక, సరిగ్గా నాలుగింటికి మా బెల్లు కొట్టేది. చేతిలో జామకాయలో, సర్వపిండి ముక్కో ఉండేది. ఎందుకొస్తున్నావని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే మానేస్తుందేమోనని భయం.

ఆ వెనక బెంచీ పిల్ల సంగతి చెబితే ఆవిడ నవ్వలేదు. "పోదాం మరి అక్కా" అంది.

"ఎప్పుడు?"

"చలికాలంలనే. ఎండకాలం పోతే గాడ చూసేదేముంది, మన ఎండ మనకు లేదా?"

నేను మాటంటే మాటే అనుకునే మనిషిని. ఆ వారమే నార్వేలో ట్రోమ్సో అనే ఊరు పట్టుకున్నాను. ఆర్కిటిక్ వలయానికి పైన, ఒక దీవి మీద ఉన్న చిన్న పట్నం. వంతెన దాటితే తెల్లటి చర్చి, ఆ వెనక కొండమీదికి తీగల మీద పోయే కేబుల్ కారు. జనవరి మొదట్లో నాలుగు రోజులు. అక్కడ సూర్యుడు రాడు గాని, నేను చెప్పిన చిమ్మచీకటి కూడా ఉండదట. మధ్యాహ్నం వేళ కాసేపు ఆకాశం నీలంగా వెలుగుతుందట. ఇన్నేళ్లూ తప్పు చెప్పానని నేను తల పట్టుకుంటే, "బిట్‌కు జవాబైతే మారదు గదా అక్కా, ఊకో" అని తేల్చేసింది.

మా ప్రణాళిక కూడా కోచింగ్ సెంటర్ పద్ధతిలోనే సాగింది. నేను గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పేదాన్ని. ఆవిడ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని లాంగ్ నోట్‌బుక్‌లో రాసేది. చరిత్ర వాళ్ల దస్తూరీ బాగుంటుంది. ఏ రోజు ఏ ఫ్లైటు, ఏ హోటలు, ఎన్నింటికి వంతెన, మంచు మీద జారకుండా బూట్లకు తగిలించే ముళ్ల పట్టీలు ఎన్ని జతలు, అన్నీ చెప్పాను. ఆ నోట్‌బుక్ మా ఇంట్లో టీవీ పక్కనే ఉండేది. నేను దాన్ని తెరిచిందే లేదు. నోట్సు చెప్పేవాళ్లెవరూ ఆ నోట్సు చదవరు. చెప్పేశాక అది మన బుర్రలో ఉన్నట్టే రాసి ఉంటుందని మా ధీమా.

ఆన్‌లైన్‌లో రెండు చలి జాకెట్లు తెప్పించాను, నాకు నీలం, ఆవిడకు ఎరుపు. "నాకెందుకక్కా ఇప్పుడే" అంది. వినలేదు. ఇంటికి తీసుకెళ్లనంటే నా అల్మారాలోనే పెట్టాను.

ఇక మాక్ టెస్టు లేకుండా పరీక్షకు పంపడం మా వృత్తిలో పాపం. మా దగ్గర చదివిన ఒకతని కుటుంబానికి తుర్కయంజాల్‌లో ఐస్‌క్రీం గోడౌన్ ఉంది. లోపల ఎప్పుడూ మైనస్ పద్దెనిమిది. ఆగస్టులో ఒక ఆదివారం ఎల్బీనగర్ చౌరస్తాలో సాగర్ రోడ్డు బస్సెక్కి, జాకెట్ల సంచులు ఒళ్లో పెట్టుకుని చెమటలు కక్కుతూ వెళ్లాం. వాచ్‌మన్ మమ్మల్ని చూసి, "ఐస్‌క్రీం కొననీకె గింత తయారైతరా అమ్మా?" అన్నాడు. పది నిమిషాలు లోపల నిలబడాలని మా నియమం. నాలుగో నిమిషానికి నా మోకాలు పట్టేసింది, వేళ్లు కొంకర్లు పోయాయి. గ్లవ్స్ మరిచిపోయాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని, తన చేతితో పాటు ఎర్ర జాకెట్ జేబులో పెట్టుకుంది. మిగతా ఆరు నిమిషాలూ అలాగే నిలబడ్డాం.

ఒకరు నా చెయ్యి పట్టుకుని ఎన్నేళ్లయిందో నేను లెక్క కట్టుకోలేదు. ఈ వాక్యం రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, కానీ నా ఆర్కిటిక్ యాత్ర నిజానికి ఆ ఆరు నిమిషాలే. బయటికి రాగానే ఆవిడ కళ్లద్దాలు మసకబారిపోయాయి. వాటిని కొంగుతో తుడుచుకుంటూ, "అక్కా, నువ్వు నిజంగనే పోతవా?" అని అడిగింది.

"మనం వెళ్తున్నాం" అన్నాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని వాచ్‌మన్ తెచ్చిన చాయ్ అందుకుంది.

అక్టోబరులో వీసా ఫారం నింపడానికి కూర్చున్నాం. ముందు ఆవిడది నింపుదామని పాస్‌పోర్టు నంబరు అడిగాను.

"నాకు పాస్‌పోర్టు లేదక్కా."

"అప్లై చేశానన్నావు?"

"చేస్త అన్న. చెయ్యలే." కాసేపు నోట్‌బుక్ అంచు గోటితో గీరింది. "ప్లాన్ చేసుడు వేరే, పోవుడు వేరే గదా. మన పిల్లలు పదేండ్లు చదువుతరు, నోటిఫికేషన్ రాదు. అయినా చదువుతనే ఉంటరు. గిది గూడ గట్లనే అనుకున్న మొదట్ల."

నాకు కోపం వచ్చింది. నాలుగు నెలల ఆదివారాలు ఇలాగేనా గడిచాయి అనిపించింది. అయినా పట్టు వదల్లేదు. తత్కాల్‌లో తీస్తే ఇంకా టైముంది. కావలసిన కాగితాల జాబితా ప్రింటు తీసుకుని, దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా మీర్‌పేట్ వెళ్లాను. ఏడాదిన్నర స్నేహంలో ఆవిడ ఇంటికి వెళ్లడం అదే మొదటిసారి.

ఆవిడ కూరగాయలకు వెళ్లింది. అత్తగారు కుర్చీ వేసి, నన్ను తేరిపార చూసి, "నువ్వేనా అమ్మా, కొత్తపేటల ఒక్కతే ఉండే టీచరమ్మవు? మా కోడలు విజిటింగ్ నీ కాడికే గదా వస్తది" అంది.

అర్థం కాలేదన్నాను. పెద్దావిడ గర్వంగానే చెప్పింది. వాళ్ల చర్చిలో ఆడవాళ్ల సంఘం ఉంది. జబ్బు పడ్డవాళ్లు, ముసలివాళ్లు, దిక్కు లేక ఒక్కరే ఉండేవాళ్లు, వీళ్ల పేర్లు ఒక పుస్తకంలో రాస్తారు. తలా ఒక ఇల్లు. ఆదివారం సాయంత్రం వెళ్లి పలకరించి రావాలి. "మనోళ్లే కావాల్నని లేదమ్మా. నీ పేరు మా కోడలే రాయించింది. పాపం, ఆదివారం ఆమెతోని మాట్లాడే మనిషే లేదు అన్నది."

నా చేతిలో కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాను. ఆ నాలుగింటి బెల్లు కోసం నేను మూడింటికే చీర మార్చుకునేదాన్ని.

ఆవిడ కొత్తిమీర కట్టతో లోపలికొచ్చి నన్ను చూసి ఆగిపోయింది. నేను లేచాను. "నేను జబ్బు మనిషిని కాను. ఏ పుస్తకంలోనూ పేరు రాయించమని నిన్ను అడగలేదు. ఇకమీదట ఆదివారాలు రానక్కర్లేదు" అన్నాను. క్లాసులో వెనక బెంచీ దాకా వినబడే గొంతు నాది, వీధి దాకా వినబడే ఉంటుంది.

"అక్కా, మొదట గట్లనే ఒచ్చిన. అబద్ధం చెప్ప. గని తర్వాత..."

తర్వాత ఏమిటో వినకుండా షేర్ ఆటో ఎక్కేశాను.

ఆవిడ నా మాట తు.చ. తప్పకుండా పాటించింది. సెంటర్‌లో ఎదురుపడితే "నమస్తే మేడం" అంటుంది. స్టాఫ్‌రూంలో మేమిద్దరమే ఉన్నా మేడం అంటుంది. ఆ మాటకు అంత చలి ఉంటుందని నాకు తెలియదు. పౌరుషానికి పోయి వీసా నా ఒక్కదానికే పెట్టాను, వచ్చింది. నోట్‌బుక్‌లో రాయించిన ఫ్లైట్లే, ఆ తేదీలకే, ఒక్క సీటు కొన్నాను. ఆదివారాలు మళ్లీ పాత ఆదివారాలయ్యాయి. నాలుగింటికి మెట్ల మీద ఎవరి అడుగులు వినబడినా చెవి అటే పోయేది. అవి పైఅంతస్తు వాళ్లవి. పది ఆదివారాలు అలా పోయాయి.

మొన్న ఆదివారం పెట్టె సర్దుతుంటే, ట్రోమ్సో విమానాశ్రయం నుంచి హోటలుకు ఏ బస్సు ఎక్కాలో గుర్తు రాలేదు. మొదటిసారి ఆ నోట్‌బుక్ తెరిచాను.

ముందు పేజీలన్నీ నేను చెప్పినవి చెప్పినట్టే ఉన్నాయి. ఇద్దరికి రెండు మంచాల గది, ఇద్దరికి కేబుల్ కారు. తుర్కయంజాల్ ఆదివారం దాకా అంతే. ఆ తర్వాతి పేజీ నుంచి నేను చెప్పింది వేరు, ఆవిడ రాసింది వేరు. ఒక్కరికి ఒక మంచం గది. కింద చిన్న అక్షరాలతో, "మోకాలు నొప్పి గనుక బస్టాప్ పక్క హోటలే." వంతెన మీద నడక కొట్టేసి, "గాలి జోరుంటదట, ఒక్కతే నడవద్దు, బస్సుల పోవాలె." గ్లవ్స్ అనే మాట మూడు చోట్ల, మూడు సార్లూ కింద గీతతో. "మధ్యాహ్నం నీలం వెలుగు గంటసేపన్న బయట నిలబడాలె. గదిల పండుకోవద్దు." నేను గదిలో తిరుగుతూ ఇద్దరి ప్రయాణం చెబుతుంటే, ఆవిడ మంచం మీద కూర్చుని నా ఒక్కదాని ప్రయాణం రాస్తూ వచ్చింది. నేను నిజంగా వెళ్లగలనని ఆ గోడౌన్ బయట ఆవిడకు తెలిసిపోయింది. తను రాలేనని చెబితే నేను మానేస్తానని కూడా తెలుసు. ఎదురుగా కూర్చుని రాస్తున్న మనిషి ఏం రాస్తోందో ఒక్కసారి వంగి చూడని లెక్చరర్‌ని నేను.

ఆవిడ తనను తాను రాసుకున్నది చివరి పేజీలో ఒక్క చోటే. నేను చెప్పని పేజీ అది.

"మంగళవారం పొద్దున ఆరుంబావు, శంషాబాద్. అక్క దిగుతది. నేను పోవాలె. ఎర్ర జాకెట్ అక్క కాడికెల్లి తెచ్చుకొని ఏసుకోవాలె, దూరంకెల్లి కనబడతది. బయటికొచ్చేటోళ్లకు ఎవరో ఒకరు నిలబడి ఉండాలె."

నేల మీద, సగం సర్దిన పెట్టె పక్కన కూర్చుని ఏడ్చాను. నాన్న పోయాక అంత ఏడవలేదు. గడియారం చూస్తే మూడున్నర. ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తింది.

"నీ ఎర్ర జాకెట్ ఇక్కడే ఉండిపోయింది" అన్నాను. "నేను దిగే మంగళవారం కావాలి కదా నీకు."

అవతల వాళ్లింట్లో కుక్కరు కూత వేసింది.

"నాలుగింటికి రావాల్నా, అక్కా?" అంది.