సల్ఫా మాత్రలు, కొలత జగ్గు, నేను

ఆ రోజుల్లో నా ఒంట్లో నీళ్లకన్నా పౌరుషమే ఎక్కువగా ఉండేది. కర్ణాటకలో, పావగడ పక్క వల్లూరు దగ్గర మా శనక్కాయ చేను సోలార్ పార్కులో కలిసిపోయాక, అదే చేనులో ప్యానెళ్లు కడిగే పనికి చేరాను. ఇరవయ్యేళ్ల పిల్లకు నెత్తిన టోపీ, కాళ్లకు బూట్లు, మెడలో ఫోటో ఉన్న కార్డు! అబ్బో, ఆ సంబరం చెప్పనలవి కాదు. చిక్కల్లా ఒక్కటే. కనుచూపు మేర ప్యానెళ్లే తప్ప, ఆడవాళ్లు ఒంటికి పోవడానికి ఒక చాటంటూ లేదు. అందుకని మా గుంపులో అందరిదీ ఒకటే పద్ధతి: పొద్దున ఇంట్లో టీ తాగితే, మళ్లీ నీళ్లు ముట్టేది సాయంత్రం ఇల్లు చేరాకే. ఆ విద్యలో నన్ను మించినవాళ్లు లేరు.

కొన్నాళ్లకు ఒంటికి పోతే మంట మొదలైంది. పావగడలో డాక్టరు సల్ఫా మాత్రలు రాసి, "రోజుకు రెండేనమ్మా. నీళ్లు మాత్రం బాగా తాగాల" అన్నాడు. బుద్ధిమంతురాలిలా తలూపాను. ఆ వారమే పెద్దాఫీసరు చూడటానికి వస్తున్నాడని పనంతా హడావుడి. తొందరగా తగ్గాలని రోజుకు నాలుగు మింగాను. నీళ్లా? మాత్ర గొంతు దిగడానికి ఒక్క గుక్క. (పెద్ద తెలివి!)

మూడో రోజుకు నడుముకు రెండు పక్కలా పోట్లు, వాంతులు. ఒంటికి రావడం దాదాపు ఆగిపోయింది. నాకు మహా సంతోషం! మా గుంపులో పెద్దదైన జడక్క దగ్గరికి పోయి, "అక్కా, నిన్నటి నుంచి నాకు రానేలేదు, చూడు" అని గొప్పలు పోయాను. ఆమె చేతిలో బ్రష్షు అక్కడే పారేసి, "నీ ఇల్లు బంగారం గానూ! ఏందే ఆ నవ్వు? పద ఆస్పత్రికి!" అని రెక్క పట్టి లాక్కుపోయింది.

అక్కడ నాలుగు చుక్కలు కష్టపడి పట్టి ఇస్తే, ల్యాబు అమ్మాయి మైక్రోస్కోపులో నన్నూ చూడమంది. కొర్ర మోపుల్లా కట్టలు కట్టలుగా మెరిసే పుల్లలు! చేనులో పంట పోయిందని ఏడిస్తే, నా కడుపులో కోతలయ్యాయి. "మాత్రలు కరగక గడ్డలు కట్టి కిడ్నీలో అడ్డం పడినాయమ్మా" అన్నాడు డాక్టరు. "నీళ్లు తాగినావా?"

"శానా తాగినా సార్."

"సాయంత్రానికి ఉచ్చ రాకుంటే తుమకూరు పెద్దాస్పత్రికి పంపాల. మిషన్‌తో రక్తం కడగాల."

దాంతో నా పౌరుషం కాస్తా కరిగిపోయింది. "తాగలేదు సార్! ఆడ పోసేకి చాటు లేదు సార్!" అని వార్డంతా వినేట్టు బావురుమన్నాను. డాక్టరు వెంటనే ఆ మాత్రలు ఆపించి సెలైన్ పెట్టించాడు.

మంచం కింద గీతలున్న కొలత జగ్గు. దానికి కాపలా మా అవ్వ. మంగళవాడ నుంచి వచ్చింది మొదలు దాన్నే చూస్తూ కూర్చుంది. అరగంటకోసారి నర్సు, "వచ్చిందా?" ఎదురు మంచం ముసలాయన, "వచ్చిందాప్పా?" టిఫిన్ తెచ్చినవాళ్లు, చూడవచ్చినవాళ్లు, అందరిదీ అదే ప్రశ్న. మూడు దాటింది, నాలుగు దాటింది. ఉన్నట్టుండి, "అవ్వా! తెర లాగు!"

వచ్చింది! నేను వద్దు వద్దంటున్నా వినకుండా, అవ్వ జగ్గును రెండు చేతులా పైకెత్తి, "వచ్చినాదప్పా! నా మనవరాలికి వచ్చినాది!" అని కేకలు పెట్టింది. నర్సు గీత చూసి "ఇన్నూరు!" అని కన్నడంలో అరిచింది. రెండు వందలు! ముసలాయన చప్పట్లు కొట్టాడు, వార్డంతా అందుకుంది. నేను దుప్పటి ముసుగుతన్ని ఏడుస్తూ నవ్వాను. తుమకూరు తప్పింది.

వారానికి ఇంటికి పంపారు. తర్వాత పెద్దాఫీసరు మళ్లీ వచ్చినప్పుడు మరుగుదొడ్డి అడగడానికి అందరూ నన్నే ముందుకు తోశారు. ఆయన తల దించుకున్నాడు గానీ నేను దించుకోలేదు. ఇప్పుడు వరసల చివర రేకుల గది ఉంది, తలుపుకు గడియ కూడా ఉంది. అటు పోయినప్పుడల్లా, ఎండలో పెదాలు పగిలి, దాహాన్ని గెలిచానని మురిసిపోయే ఆ పిల్ల కళ్లముందు కదులుతుంది. పిచ్చిది. పక్కన కూర్చోబెట్టుకుని చెంబెడు నీళ్లు తాగించాలనిపిస్తుంది.