పుస్తెలూ పన్నెండు వోల్టులూ

ఇప్పుడంటే నాచారం నుంచి ఉప్పల్ పోవడానికే ఒక పూట పడుతోంది గానీ, నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా వీధిలో కారు చప్పుడు వినిపిస్తే జనం పనులు ఆపి బయటికొచ్చి చూసేవారు. ఆ చప్పుడు మా మామగారిది. రైల్వేలో ఇంజనీరుగా చేస్తూ, ఎవరో దొర అమ్మేసి పోయిన పాత నల్ల కారును ముచ్చటపడి కొనుక్కున్నారాయన. నేను వచ్చేనాటికి ఆయన రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. మావారికేమో నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగం (మిగతా పది రోజులూ స్టీరింగు చూస్తేనే చెమటలు పట్టేవి, అది వేరే సంగతి). ఇక అమ్మేద్దామని మామగారు దిగులుగా అంటుంటే, "నేను నేర్చుకుంటానండీ" అనేశాను. ఇరవై మూడేళ్ళ వయసు, ఫిజిక్సులో బి.ఎస్సీ, ఉప్పల్‌లో ఒక పరిశోధనాలయంలో ఉద్యోగం. నాకు రాని పనంటూ ఒకటుంటుందని అప్పట్లో తోచేది కాదు.

ఆదివారాలు మా ఇంటికొచ్చి నేర్పడానికి కుదిరినవాడు ఉప్పల్ చౌరస్తాలో రేకుల షెడ్డు వేసుకున్న ఒక పెద్దాయన. వాళ్ళ పొలంలో బావి మీది ఆయిలింజను విప్పీ బిగించీ పని నేర్చుకున్న మనిషి. ఆయన్ని అందరూ పళ్ళెం మేస్త్రీ అనేవారు. ఎవరి కారైనా సరే, ముందు ఒక సొట్టల సత్తు పళ్ళెం చాపేవాడు. "గడియారం, ఉంగరం, గొలుసు, కండువ, అన్ని గిండ్ల వెయ్యున్రి. గప్పుడే మూత లేపుత. ఫ్యాను కండువను గుంజుతది, బ్యాటరీ ఉంగరాన్ని కాలుస్తది. నా ఏలు సూడున్రి సారూ" అని, ఉంగరపు వేలి చుట్టూ తెల్లగా మిగిలిన కాలిన మచ్చ చూపించేవాడు. బండి నడపాలంటే ముందు బానెట్ మూత కింద పని రావాలనేది కూడా ఆయన పట్టుదలే. అది రానివాళ్ళకి తాళం చెవి ఇవ్వనిచ్చేవాడు కాదు.

చిక్కల్లా మా అత్తగారితో వచ్చింది. ఆవిడ ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే దాని మీద అప్పీలు లేదు. "నేర్చుకో, కాదనను. కానీ మెళ్ళో ఉన్నది తీయడానికి వీల్లేదు. ఒంటి మీద ఒక్క గీత పడిందా, ఆ రోజుతో ఆఖరు, కారు అమ్మేస్తాం" అంది. మేస్త్రీ పళ్ళెం పట్టుకుని బుర్ర గోక్కున్నాడు. "పుస్తెలు తియ్యుమని నేనెట్లంట బిడ్డా, నాకు నోరు రాదు. గని అవి పుస్తెలని బ్యాటరీకి తెల్వది గద!" చివరికి ఆయనే ఉపాయం చెప్పాడు. మామగారి పాత ఖాకీ చొక్కా చీర మీద తొడుక్కుని గొంతు దాకా గుండీలు పెట్టుకోవాలి, గొలుసు లోపలుండాలి, జడ ముడి వేయాలి, కొంగు నడుముకి బిగించాలి. మొదటి ఆదివారం ఆ వేషంలో నన్ను చూసి పక్కింటావిడ పోస్టుమాన్ అనుకుని ఉత్తరాలున్నాయా అని అడిగింది.

మూడు ఆదివారాలు బాగానే గడిచాయి. ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోకూడదని, తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాకే ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టాలని నేర్చుకున్నాను. ప్రతిదానికీ కారణమేంటో నేనే ఆయనకు వివరించేదాన్ని (చదువుకున్న పిల్లని కదా, ఊరుకుంటే ఎలా?). బ్యాటరీ అంటే అంత భయం దేనికి, పన్నెండు వోల్టులు మనిషిని ఏమీ చేయలేవని పది నిమిషాలు పాఠం చెప్పాను. మేస్త్రీ ఓపిగ్గా విని, "మనిషికి షాకు కొట్టది, నిజమే బిడ్డా. గని నడుమ ఇనుమో బంగారమో దొరికితే ఇడ్సదు" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

నాలుగో ఆదివారం బండి స్టార్టు కాలేదు. బ్యాటరీ కొసల మీద తెల్లటి పొడి పేరుకుపోయింది. "ఏన్నీళ్ళు వోసి కడగాలె. ముందుగల బాడీకి పోయే తీగ ఇప్పాలె, గదిప్పకుండ రెండోది ముట్టొద్దు. నేనొచ్చేదాంక జర ఆగు" అని చెప్పి వేడినీళ్ళ కోసం వంటింటి గుమ్మం వైపు వెళ్ళాడు. మామగారు అరుగు మీద కూర్చుని రేడియో వింటున్నారు. ఎండ మండిపోతోంది. నేను పై గుండీలు రెండు విప్పాను. ఏ తీగ ముందు విప్పితే ఏంటి, ఎలాగూ సర్క్యూట్ తెగుతుంది కదా అని నా చదువు నాకు చెప్పింది. పానా తీసుకుని వద్దన్న తీగకే పెట్టి, ఒంగి బలంగా తిప్పాను.

గొలుసు చొక్కాలోంచి జారి ఒకవైపు పానాకీ ఇంకోవైపు ఇంజను ఇనుముకీ తగిలింది. బాడీ తీగ విప్పలేదు కాబట్టి ఆ ఇనుమంతా బ్యాటరీకి రెండో కొసే. టప్పుమని నీలం వెలుగు. గొలుసు కరిగి తెగింది, ఆ కాలిన కొస మెడ కింద చురుక్కుమని అంటుకుంది, పుస్తెలు రెండూ ఎటో పడిపోయాయి. నేను వెనక్కి పడ్డాను. మేస్త్రీ చేతిలో వేడినీళ్ళు పారబోసి పరుగున వచ్చి, తొట్టిలో చన్నీళ్ళు ముంచి నా మెడ మీద చెంబులకి చెంబులు పోశాడు. పోస్తూనే తిట్టాడు. అవి ఇక్కడ రాయలేను. తర్వాత సగం శరీరం ఇంజనులోకి దూర్చి, గ్రీజు పట్టిన పుస్తెలు వెతికి తీసి కళ్ళకద్దుకున్నాడు.

"మీ అత్తయ్యకి పిల్లి గీరిందని చెబుదాం" అన్నారు మామగారు గుసగుసగా. మా ఇంట్లో పిల్లి లేదు. పైగా అత్తగారు ఆయన వెనకే నిలబడి ఉంది. నాకు మంట కంటే ముందు ఏడుపొచ్చింది. కారు పోయింది, నేర్చుకోవడం పోయింది, ఇంకా ఏమేం అనిపించుకోవాలో అనుకుంటూ ఆవిడ వెంట లోపలికి నడిచాను.

ఆవిడ నన్ను పీట మీద కూర్చోబెట్టింది. మెడ మీద తడిగుడ్డ వేసింది. దేవుడి గదిలోంచి దారం తెచ్చి, పసుపు రాసి, పసుపుకొమ్ము కట్టి నా మెళ్ళో ముడి వేసింది. గొలుసు బాగయ్యేదాకా అందరూ చేసే పనే అది. ముడి వేశాక అడిగింది.

"దీన్లోంచి కరెంటు పారుతుందా?"

"పొడిగా ఉంటే పారదండీ."

"ఆ ముక్క నెల కిందట ఎందుకు చెప్పలేదు?"

నా బి.ఎస్సీకి ఆ ముక్క తట్టనే లేదు మరి.

"కారు అమ్మేస్తారా అత్తయ్యగారూ?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"గొలుసు కంసాలి అతికిస్తాడు. కారు మూల పడితే మీ మామగారిని ఎవరు అతికిస్తారు?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆయన ఆ కారు కొని పదకొండేళ్ళయింది. ఆ మూత కింద ఏముందో వచ్చి చూడమని నన్ను ఒక్కరోజూ ఎవరూ పిలవలేదు. పద, ఎక్కడ కాలిందో చూపించు."

చూపించాను. అప్పుడు కూడా ముందు నేనే ఒంగి, అది పాజిటివ్, ఇది నెగెటివ్ అని వివరించడం మొదలుపెట్టాను. ఆవిడ నా భుజం మీదుగా మునివేళ్ళ మీద లేచి చూస్తోందని ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత, ఆవిడ లేకుండా పోయాక తట్టింది. ఇప్పుడు ఆ ఖాకీ చొక్కా పిల్ల జ్ఞాపకంలో ఎదురుపడితే నవ్వొస్తుంది గానీ, కాస్త పక్కకి జరుగు తల్లీ, వెనక ఆవిడున్నారు, ఆవిణ్ణీ చూడనీ అని చెప్పాలనిపిస్తుంది.