లైనులో విన్నది

2016 వానాకాలంలో నేను కోటబొమ్మాళి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేస్తున్నాను. ఏడో తరగతితో చదువు ఆగిపోయినవాణ్ణి. కేబులు గుంతలు తవ్వే మజ్దూరుగా చేరి, లైన్‌మన్‌నై, చివరికి టెలికాం మెకానిక్ హోదా అందుకున్నాను. రిటైరవడానికి ఇంకో ఏడాది ఉంది.

మా పని గురించి ఒక మాట చెప్పాలి. స్తంభం మీద చిన్న ఇనుప పెట్టె ఉంటుంది, డీపీ అంటాం. ఇళ్లకు తీగలు చీలేది అక్కణ్ణుంచే. నడుముకి వేలాడే టెస్టు ఫోను కిలిప్పులు ఆ తీగలకు తగిలిస్తే లైను బతికుందో లేదో తెలుస్తుంది. ఎవరైనా మాట్లాడుతూ ఉంటే ఆ మాటలూ వినబడతాయి. వెంటనే కిలిప్పు తీసెయ్యాలి. కిందికి దిగాక ఆ మాట ఎక్కడా ఎత్తకూడదు. నాకు పని నేర్పిన మేస్త్రీ మొట్టమొదట చెప్పింది అదే. గాలివాన వెలిసిన పొద్దున స్తంభమెక్కితే, చచ్చిందనుకున్న లైనులో మళ్లీ గుంయ్‌మని డయల్ టోను వచ్చేది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ వానల్లోనే ఒక ఆదివారం బాప్టిస్టు చర్చి పక్క గదిలో ఇంటర్నెట్ లైను పోయిందని ఫిర్యాదు వచ్చింది. విశాఖలో కంప్యూటరు చదివొచ్చిన ఎస్తేరు అనే అమ్మాయి, ప్రార్థన అయ్యాక ఆ గదిలో ఆడవాళ్లకు పాఠాలు చెప్పేది. ఫోనుకి తాళం ఎలా వేయాలి, మధ్యలో ఎవరికీ అర్థం కాకుండా కబురు ఎలా పంపాలి, పేరు బయటపడకుండా కష్టం ఎలా చెప్పుకోవాలి, ఇవీ ఆ పాఠాలు. రైసుమిల్లులో మేస్త్రీ వెకిలి చేష్టల గురించి కొందరు కూలీలు అలాగే ఆమెకు రాసుకున్నారని ఊళ్లో పొక్కింది.

నేను వెళ్లి ఆ గది బయట స్తంభానికి వేసిన నిచ్చెన మీద ఉండగానే మిల్లు యజమాని నాయుడుగారు నలుగుర్ని వెంటేసుకుని వచ్చారు.

"తప్పు సేయనోలకి దాపరికమేటే? ఆ ఫోను ఇలాగియ్యి. నా మిల్లోలు ఎవులు రాసినారో సూస్తాను."

"ఇది నక్సలైట్ల యవ్వారంలాగున్నాది, బావా," అన్నాడు వెంట వచ్చిన ఒకాయన. "ముందు గది కాళీ సేయించీ, పీడా పోతాది."

ఎస్తేరు ఫోనుని చున్నీలో చుట్టేసుకుంది. "నా మాటలైతే సదివి ఇనిపిద్దును, బాబూ. ఇవి నన్ను నమ్మినోల మాటలు. ఇయ్యను."

"ఇయ్యవా? అయితే పోలీసోలకే ఇద్దువుగాని, ఉండు."

గుమ్మంలో ఉన్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లలో మిల్లుకి వెళ్లేవాళ్లూ ఉన్నారు. పేరు బయటపడితే మర్నాటి నుంచి పని ఉండదు.

నా నోరు ఊరుకోలేదు. "నాయుడుబాబూ, మీ ఇంటి లైను ఇన్నేల్లూ నా సేతిలోనే ఉన్నాది. కిలిప్పెట్టినపుడల్లా ఏదోటి సెవిలో పడతాది. ఊల్లో ఎక్కడైనా నా నోట మీ ఇంటి మాట ఇన్నారా?"

ఆయన తలెత్తి చూశారు. "ఏటిన్నావురా, తవిటయ్యా?"

"ఏటీ ఇన్లేదు, బాబూ. ఎవులడిగినా అదే సెప్తాను. ఈ పిల్ల కూడా అదే పని సేస్తన్నాది."

నాయుడుగారి చెయ్యి జేబులోని తన ఫోను మీదికి వెళ్లింది. "వానొచ్చీలాగున్నాది, పదండ్రా," అని ఆయన వెనుదిరిగారు. ఆకాశంలో మబ్బు లేదు.

పాఠాలు సాగాయి. ఆ రాసుకున్నది ఎవరో ఎవరికీ తెలియలేదు, మిల్లులో ఎవరి పనీ పోలేదు.

అంతకుముందు నేను వాళ్ల వీధిలో స్తంభమెక్కితే నాయుడుగారి భార్య, "ఒరే తవిటయ్యా, టీ సల్లారిపోతన్నాది, దిగరా!" అని కేకేసేవారు. ఆ తరవాత నన్ను చూస్తే తలుపు దగ్గరికి వేసేవారు. దసరా నాటికి ఆ ఇంటి ల్యాండ్‌లైను తీయించేశారు. ఆ తీగ చుట్టి తెచ్చింది నేనే.

రిటైరయ్యాక ఎస్తేరు ఒకసారి కనబడి, "మావా, నిజంగా ఏటీ ఇన్లేదా?" అని అడిగింది. ఇన్లేదన్నాను.

ఇంకొకరి మాటలు చేతిలో ఉన్నవాడు వాటిని దాస్తే చాలదు, తన దగ్గర ఉన్నాయని కూడా తెలియనివ్వకూడదు. ఆ రోజు అవసరపడి తెలియనిచ్చాను. మళ్లీ అవసరపడితే మళ్లీ అదే చేస్తాను, ఇంకో ఇంటి టీ పోయినా సరే.