రెండు చీరల వార్పు

చిత్రావతి మా ధర్మవరం పక్కనే పారుతుంది. పారుతుందని అనడమే గానీ, నేను ఎక్కువగా చూసింది ఇసుకనే. చిన్నప్పుడు నాయనను అడిగాను.

"ఈ ఏరు యాడికి పోతాది నాయనా?"

"పెన్నలో కలిసి సముద్రానికి పోతాదంట."

"నువ్వు చూసినావా?"

"నేను పోతే మగ్గం ఎవురు నేస్తారప్పా, నువ్వా?"

నేను బడికి పోలేదు. అంగళ్ల బోర్డులు, పాత పేపర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. మ్యాపు చూడడమూ అట్లాగే వచ్చింది. అందులో మా ఏరు నీలం గీత, ఎక్కడా తెగకుండా సముద్రం దాకా ఉంది. ఆ రంగు వేసినవాడు ఒక్కసారైనా ఇటు వచ్చాడా అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే డెబ్బై దాటాక, మోకాళ్లు ఆడుతున్నప్పుడే, ఏటి వెంబడి సముద్రం దాకా నడుస్తానన్నాను.

"పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి నెల్లూరు, పెద్దాయనా. నెల దినాలు ఎందుకు పాడు చేసుకుంటావు?" అన్నాడు, దారి అడుగుదామని బస్టాండుకు పోతే అక్కడ టికెట్లు అమ్మేవాడు.

"బస్సులో పోతే ఏరు కనపడతాదా?" అని గట్టిగా అడిగి వచ్చేశాను.

ఇంట్లో మా ఆవిడ ఇంకోటి అడిగింది. "నెల దినాలు మగ్గం ఆపితే షావుకారు పట్టు పక్కింటికిస్తాడు. అది సరే, నా ఖర్చు లెక్కేసినావా?"

వేయలేదు. యాభై ఏళ్లుగా నా పక్కన కూర్చుని నేసిన మనిషి!

"ఇద్దరికీ దుడ్లు యాడివి?" అన్నాను గొణుగుతూ.

"అంతా ఒగే తూరి నడవల్లనా?"

దారి తనే చూపింది. మగ్గం మీది వార్పు, అంటే నిలువు పోగులు, అయిపోయాక కొత్తవి రంగు వేసుకుని వచ్చేదాకా నాలుగైదు రోజులు ఖాళీ. ఆ రోజుల్లో నడిచినంత నడిచి బస్సులో తిరిగిరావడం, మళ్లీ ఖాళీ దొరికితే ఆగిన చోటి నుంచి మొదలుపెట్టడం.

మొదటి విడతలో తాడిమర్రి దాటాం. ఒకచోట ఇసుకలో చిన్న మడుగు, అందులో చేపలు! ఎండిన ఏట్లోకి చేప ఎట్లా వచ్చిందో చూద్దామని అరపూట వెనక్కీ ముందుకీ తిరిగాం. తేలలేదు.

ఇంటికొచ్చాక లెక్కపెడితే భయమేసింది. షావుకారు ఇచ్చేది మూడు చీరలకు సరిపడే వార్పు, అది నేయడానికి నెల పైనే. ఈ నడకకు ఏడాది దాటుతుంది. మోకాళ్లు అంత గడువిచ్చేట్టు లేవు. వార్పు చిన్నదైతే ఖాళీ తొందరగా వస్తుందని, షావుకారు దగ్గరికి పోయి రెండు చీరల వార్పు అడిగాం.

"ఏమప్పా, అందరూ పెద్ద వార్పు అడుగుతారు, నువ్వు చిన్నది అడుగుతాండావే! ఊకూకెనే అతకల్ల. అతుకుకు కూలి ఈను, ముందే చెప్తాండా."

వార్పు మారిన ప్రతిసారీ కొత్త పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టాలి. వేల పోగులు. కూలి లేని పని.

"ఈకుంటే పాయె. రెండు చీరలదే కావల్ల," అన్నాను.

"మూడో చీర సముద్రం కాడ నేస్తాడంటలే అన్నా," అంది మా ఆవిడ.

షావుకారు నవ్వుతూ వార్పు తీసిచ్చాడు. ఇంటికి తెచ్చి, ఆ పూటే ఇద్దరం అతకడానికి కూర్చున్నాం.