బంట్రోతు పక్కన జమీందారు

కోవిడ్‌కి ముందటి ఏడాది వానాకాలంలో నన్ను అరకులోని ఒక పింగాణీ శిక్షణ కేంద్రానికి టెక్నికల్ సూపర్‌వైజర్‌గా వేశారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాణ్ని అక్కడికి పంపడమంటే పక్కన పెట్టడమేనని డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. భార్య పోయాక నాకూ ఎక్కడైనా ఒకటే అనుకున్నాను. కాదు. పొగమంచు దిగితే క్వార్టర్స్‌లో ఇంకో మనిషి గొంతు వినపడేది కాదు, ఆ ఒంటరితనానికి భయం వేసేది.

పైనుంచి వచ్చిన పని ఇదీ: జనం మెచ్చిన రంగస్థల హాస్యనటుల బొమ్మలు చేసి పర్యాటకులకు అమ్మడం. మొదటి బొమ్మ అప్పలస్వామిది. విజయనగరం వైపు నుంచి వచ్చి అరకులో కిరాణా కొట్టు పెట్టుకున్న ముసలాయన. ఒకప్పుడు ఆయన బంట్రోతు వేషం కడితే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారట. ఆ నాటకం ముక్కలు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతున్నాయి. నడుం వంచి, చెవి దగ్గర చెయ్యి పెట్టి, పైకి చూసే భంగిమలో మట్టి నమూనా చేసి ఆయనకు చూపించాను.

ఆయన నవ్వలేదు. "నాను ఎవుడికేసి సూత్తన్నాను బాబూ?" అని అడిగాడు. జమీందారు వేషం కట్టిన సింహాచలం ఎదురుగా లేకపోతే ఆ చూపే దండగన్నాడు. "ఆడు గుడ్లురిమితేనే కదా, జనం నన్ను సూసి నవ్వీవోరు." సింహాచలం పోయి చాలా కాలమైంది. ఆయన పేరు మా ఉత్తర్వులో లేదు, జనానికీ గుర్తు లేదు. ఇద్దరినీ ఒకే పీట మీద నిలబెట్టమని అప్పలస్వామి బతిమాలాడు.

ఒకే పీటతో చిక్కుంది. మట్టి ఆరేటప్పుడూ బట్టీలో కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది. రెండు బొమ్మలూ చెరోవైపు లాగితే పీట మధ్యలో చీలుతుంది. అందుకని ఇద్దర్నీ విడివిడిగా పోత పోయించి, జంటగానే అమ్మమని కేంద్రం దుకాణంలో చెప్పాను. కొనేవాళ్లు వింటారా? బంట్రోతును పట్టుకుపోయేవారు. అరల నిండా జమీందార్లు మిగిలారు.

ఒక సంతరోజు అప్పలస్వామి వచ్చి ఆ అరలకేసి చాలాసేపు చూశాడు. "బతుకులో ఆడెల్లిపోనాడు, నాను మిగిలిపోనాను. ఇక్కడ నానెల్లిపోతన్నాను, ఆడొక్కడూ మిగిలిపోతన్నాడు," అన్నాడు. గొంతు పెంచలేదు. నాకు మాత్రం క్వార్టర్స్‌లో ఖాళీగా ఉన్న రెండో మంచం గుర్తొచ్చింది.

మర్నాడే ఒకే పీటతో కొత్త అచ్చు మొదలుపెట్టించాను. అనుకున్నట్టే మొదటి జంట బట్టీలోంచి చీలికతో వచ్చింది, సరిగ్గా ఇద్దరి మధ్యన. లోపమున్న బొమ్మ బజారుకెళ్లకుండా అక్కడికక్కడే పగలగొట్టాలని మా వృత్తిలో నియమం. సుత్తి తెమ్మన్నాను. చూడ్డానికొచ్చిన అప్పలస్వామి అడ్డుపడ్డాడు.

"ఉండనీండి బాబూ. మాకు సానా ఏళ్లు మాటల్లేవు. అయినా ఒకే స్టేజీ మీద ఆడినాం."

కండువా కొసతో బొమ్మను తుడిచి, అందులోనే చుట్టి పట్టుకుపోయాడు.

తర్వాత పీట మందం పెంచాను, ఆరబెట్టడం నెమ్మది చేయించాను. చీలికలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. నష్టమెందుకని పైవాళ్లు అడుగుతూనే ఉన్నారు, నేను రిటైరయ్యేదాకా జంటలను ఒకే పీట మీద పోయిస్తూనే ఉన్నాను. విడగొడితే బట్టీ నష్టం తగ్గుతుంది. కానీ అప్పుడు తయారయ్యేది ఆ బొమ్మ కాదు.