జూన్‌లో మారిన గంట

మొన్న బుధవారం ఫస్టు పీరియడ్ మధ్యలో నాన్నగారు నా సెల్లుకి ఫోన్ చేశారు. నేను క్లాసులో ఉండగా ఆయన ఎప్పుడూ చెయ్యరు. వరండాలోకి వచ్చి ఎత్తాను. "బూత్ చెల్లెమ్మ పోయిందమ్మా. తెల్లారగట్ల గుండెల్లో నొప్పి వచ్చిందంట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది," అన్నారు. మళ్ళీ లోపలికెళ్ళి పాఠం పూర్తి చేశాను. ఏం చెప్పానో మాత్రం అడగకండి.

నాన్నగారు ఆవిడని చెల్లెమ్మ అనేవారు కాబట్టి అక్కకీ నాకూ ఆవిడ అత్తయ్యగారు. అంతకుమించి మాకూ ఆవిడకీ చుట్టరికం ఏమీ లేదు. మధ్యాహ్నం సెలవు పెట్టి అమలాపురం నుంచి కొత్తపేట బస్సెక్కాను. వాళ్ళింటి ముందు పోగైన జనంలో ఆవిడకి నిజంగా చుట్టాలైనవాళ్ళు పదిమంది కూడా ఉండరు. మిగతా అందరం ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ గాజు గదిలో నిలబడి ఫోన్లో మాట్లాడినవాళ్ళమే.

ఆవిడది సఖినేటిపల్లి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. చంకకర్ర లేనిదే నడవలేరు. పెళ్ళి చేసుకోలేదు. అన్నగారు కొత్తపేటలో స్థిరపడితే ఆయనతో వచ్చేశారు. తొంభైల మొదట్లో వికలాంగుల కోటాలో ఎస్టీడీ బూత్ వచ్చింది. బస్టాండు దగ్గర ఒక షట్టరు గది, అందులో ఒక టేబులు, ఒక బల్ల, గాజు తలుపు, ఒకే ఒక్క లైను. పొద్దున్న ఆరింటికి షట్టరు లేపితే రాత్రి పదింటికి దించడం. సెల్‌ఫోన్లు అందరి జేబుల్లోకీ వచ్చాక కిందటేడు మూసేశారు. "ఇన్నాళ్ళూ ఊరందరి మాటలూ నా మీదుగా వెళ్ళేయి. ఇప్పుడు నెత్తిమీంచి వెళ్తన్నాయి. మంచిదేలే, కాలు నొప్పి తగ్గింది," అన్నారు. బాధ ఉన్నా పైకి చెప్పే మనిషి కాదు.

అమెరికా అన్నది ఆవిడకి తెలిసినంత బాగా, అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళకి కూడా తెలియదని నేను ఒట్టేసి చెబుతాను. రాజమండ్రి దాటి ఎరగరు. కానీ నంబరులో మొదటి మూడంకెలూ వినగానే ఊరు చెప్పేసేవారు. ఏడు మూడు రెండు అంటే న్యూజెర్సీ. ఏడు ఒకటి మూడు అంటే హూస్టన్. నాలుగు సున్నా ఎనిమిది అంటే కాలిఫోర్నియాలో శాన్‌హోజే. నంబర్ల పుస్తకంలో మన దేశం నంబర్లన్నీ పెన్నుతో ఉండేవి. అమెరికావి మాత్రం పెన్సిల్‌తో. ఎందుకని అడిగితే, "నిలవరమ్మాయ్ వాళ్ళు. పెన్నుతో రాస్తే నాకు కొట్టివేతలే మిగులుతాయి," అన్నారు.

ఊరికే చెరిపి రాయడం కాదు, చెరిపినప్పుడల్లా ఎందుకు మారారో ఆలోచించేవారు. మా ప్రాంతంవాళ్ళు మొదట అందరూ న్యూజెర్సీలోనే దిగారు. రెండువేల సంవత్సరం దగ్గరపడేసరికి కాలిఫోర్నియాకి పరుగెత్తారు. ఏడాది రెండేళ్ళు తిరక్కుండానే అక్కడ ఉద్యోగాలు ఊడి, కాలిఫోర్నియా కోడ్లన్నీ చెరిగిపోయి టెక్సాస్ కోడ్లు వచ్చాయి. షికాగో వైపు చలికి ఓర్వలేనివాళ్ళు జార్జియాకి, ఫ్లోరిడాకి దిగారు. "మన తాతలు సాగుభూముల కోసం రాయచూరు వైపు క్యాంపులకి పోలేదూ? ఇదీ అంతే," అనేవారు. ఇంకోసారి, "మొదటి ఊరు ఉద్యోగం చూపిస్తది. రెండో ఊరు స్నేహితుడు చూపిస్తాడు. మూడో ఊరు పెళ్ళాం చూపిస్తది. ఎన్ని తిరిగినా మనోళ్ళు చివరికి కొబ్బరిచెట్టు బతికే దిక్కుకే జరుగుతారు, చూస్తా ఉండు," అన్నారు.

అప్పట్లో నేను కొత్తపేట హైస్కూల్లోనే సోషల్ చెప్పేదాన్ని. వలసల పాఠం వచ్చినప్పుడు ఆ పుస్తకం ఒక్కరోజు ఇమ్మని అడిగాను. ససేమిరా ఇవ్వలేదు. "చోట్లు చెప్తాను, రాసుకో. మనుషుల్ని వదిలెయ్," అన్నారు. బల్లమీద కూర్చుని ఎక్కణ్ణించి ఎక్కడికి ఎన్ని కుటుంబాలో రాసుకున్నాను. పిల్లలు అమెరికా పటం మీద ఎర్రసిరాతో బాణాలు గీశారు. ఏ బాణం ఎవరిదో నేను ఎంత గుచ్చి అడిగినా ఆవిడ చెప్పలేదు. గాజు తలుపు ఎంత మూసినా ఇంటి గొడవలూ ఏడుపులూ బయటికి వినబడేవి. అవేవీ ఆవిడ నోటివెంట ఇంకొకరు వినలేదు. "బూత్ పెట్టుకున్నోళ్ళకి నోరొకటే ఉండాలమ్మాయ్, హలో అంటానికి. చెవులుండకూడదు," అనేవారు. ఆ నియమం ఆవిడ తప్పింది ఒక్కసారే అని నా నమ్మకం. అది మా కోసం.

మా అక్క పెళ్ళయి న్యూజెర్సీ వెళ్ళింది. బావగారి కంపెనీలు మారినప్పుడల్లా ఊరు మారుతూ న్యూ ఆర్లియన్స్ చేరింది. అక్కడే సెల్ కొనుక్కుంది. ఐదు సున్నా నాలుగు కోడు. మా వీధికి ఫోన్ కేబులు రాలేదు కాబట్టి ప్రతి ఆదివారం పొద్దున్నే బూత్‌కి ఫోన్ చేసేది. అక్కడ శనివారం రాత్రి పాపని పడుకోబెట్టి, తొమ్మిదింటికి. అమ్మ పోయినప్పటి నుంచీ ఒక్క ఆదివారం తప్పలేదు. నాన్నగారూ నేనూ ముందే వెళ్ళి బల్లమీద కూర్చునేవాళ్ళం.

నాలుగేళ్ళ కిందట ఆగస్టు ఆఖర్లో న్యూ ఆర్లియన్స్‌ని తుఫాను ముంచేసింది. మంగళవారం సాయంత్రం టీవీలో చూశాం. ఇళ్ళ కప్పుల మీద మనుషులు, వాళ్ళ చుట్టూ నీళ్ళు. తుఫాను నీళ్ళంటే ఏమిటో కోనసీమవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్నగారు కండువా వేసుకుని బూత్‌కి బయలుదేరారు. వెనకాలే నేను పరుగెత్తాను.

నంబరు కలవలేదు. ఒకటే కీచుశబ్దం. బుధవారం కలవలేదు. గురువారం కలవలేదు. నాన్నగారు కొబ్బరి కొట్టులో గుమాస్తా పని మానేసి పొద్దున్న ఆరింటికల్లా వచ్చి రిసీవరు పట్టుకునేవారు. ఆయన వేలు నొప్పెడితే నేను నొక్కేదాన్ని. బడి గంట కొట్టే వేళకి నేను వెళ్ళిపోతే మళ్ళీ ఆయనే. వేరేవాళ్ళు వచ్చి ఒక కాల్ చేసుకుంటామంటే ఇచ్చి, మళ్ళీ లాక్కునేవాళ్ళం. అత్తయ్యగారు ఒక్కరోజు కూడా చాలండి అనలేదు. మా కోసం ఇంటి నుంచి ఇడ్లీలు తెప్పించారు. నాన్నగారు ముట్టలేదు. శుక్రవారం నాటికి ఆయన గడ్డం మాసిపోయి, నన్ను చూసినా మాట్లాడకుండా ఆ అంకెలే పైకి చదువుకుంటూ ఉన్నారు. అక్క పోయిందేమోనన్న మాట మా ఇద్దరి నోళ్ళలోనూ ఉంది. ఎవరం బయటపెట్టలేదు.

శనివారం పొద్దున్న నాన్నగారు గాజు గదిలో నంబరు నొక్కుతుంటే అత్తయ్యగారు నన్ను టేబులు దగ్గరికి పిలిచారు.

"అమ్మాయ్, ఓ మాట చెప్పాలి. చెప్పకూడని మాటే. మీ అక్క చలికాలంలో ఎన్నింటికి చేసేది?"

"ఎనిమిదిన్నరకండి."

"ఏప్రిల్ నుంచి?"

"ఏడున్నరకి. అక్కడ గడియారం మార్చారని చెప్పింది కదండీ."

"ఆయ్. జూన్ నుంచి?"

"ఆరున్నరకి. మళ్ళీ గడియారం..." అని ఆగిపోయాను.

"అమెరికా గడియారం ఏడాదికి రెండుసార్లే మారుద్దమ్మాయ్. ఏప్రిల్లో ఓసారి, అక్టోబరులో ఓసారి. నాకు ఎందరి ఫోన్లు వస్తాయి! జూన్లో ఇంకెవరి టైమూ మారలేదు. ఏప్రిల్లో మారిన గంట గవర్నమెంటుది. జూన్లో మారిన గంట మీ అక్కది."

నేను ఎనిమిదో తరగతికి రేఖాంశాలు చెప్పే టీచర్ని. తూర్పుకి జరిగితే గడియారం ముందుకి జరుగుతుందని బోర్డు మీద గ్లోబు గీసి మరీ చెబుతాను. మా అక్క మూడు నెలలుగా గంట ముందుగా ఫోన్ చేస్తుంటే, చెప్పింది నమ్మి, చీర సర్దుకుని బల్లమీద కూర్చున్నాను. ఆ క్షణాన ఎంత సిగ్గేసిందో ఇప్పటికీ గుర్తుంది.

"ఊరు మారిందంటారా?" అన్నాను.

"తూరుపుకి మారింది. ఏ ఊరో తెలీదు. చెప్పలేదంటే ఏదో కష్టమై ఉంటది. చెప్పుకోవాలనుకుంటే తనే చెప్పును కదా అని నేనూరుకున్నాను."

"మరి ఫోనెందుకు కలవట్లేదండీ?"

"నంబరు ఆ ఊరిదే కదమ్మా. ఎక్స్ఛేంజి మునిగితే నంబరూ మునుగుద్ది. మనిషెక్కడుందో దానికేం తెలుసు? మన తుఫానేడు ఇక్కడి లైన్లు పోతే, బొంబాయిలో ఉన్నోళ్ళు మనం పోయేమనే అనుకోలేదూ?"

ప్రాణం లేచొచ్చింది. వెంటనే అనుమానమూ వచ్చింది. "బాగానే ఉంటే తనే చెయ్యాలి కదండీ? వేరే ఫోన్ నుంచైనా?"

ఆవిడ గాజు తలుపులోంచి నాన్నగారి వైపు చూశారు. ఆయన రిసీవరు చెవికి నొక్కిపట్టుకుని మళ్ళీ మొదటి అంకె నుంచి మొదలుపెడుతున్నారు. అత్తయ్యగారి మొహం పాలిపోయింది.

"ఎలా చేస్తదమ్మాయ్? పాపని పడుకోబెట్టి తను ఫోను పట్టే వేళకల్లా ఈ లైను మనమే పట్టుకుని కూర్చుంటన్నాం. నాలుగు పొద్దుల నుంచీ. నాకైనా బుద్ధుండాలి కదా."

కర్ర అందుకుని లేచి, గాజు తలుపు తీశారు. "అన్నయ్యగారండి, ఇక వదిలెయ్యండి," అన్నారు. నాన్నగారు వదల్లేదు. "ఈ ఒక్కసారీ చెల్లెమ్మా," అన్నారు. ఆవిడ ఆయన చేతిలోంచి రిసీవరు తీసుకుని పెట్టేశారు. అంత పని ఆవిడ చేస్తారని నేను ఊహించలేదు. చెప్పిందంతా మళ్ళీ ఆయనకి చెప్పారు. ఆయనకి ఎంత అర్థమైందో తెలియదు. "గంట తేడాకే బతికున్నట్టా చెల్లెమ్మా?" అని మాత్రం అడిగారు. "నా లెక్క తప్పయితే మీ కాళ్ళు పట్టుకుంటానండి," అన్నారు ఆవిడ.

అప్పటికి అక్కడ బాగా పొద్దుపోయింది. అందుకని మర్నాటి ఆరున్నర మీదే ఆశ పెట్టుకున్నాం. ఆ రోజు బూత్‌కి వచ్చిన ప్రతివాళ్ళకీ, "రేపు పొద్దున్న ఏడింటిదాకా ఫోను లేదండి. ఏవనుకోకండి," అని ఆవిడ చెప్పారు. కారణం కొందరికి ఆవిడే చెప్పారు, మిగతావాళ్ళకి ఊరే చెప్పింది.

ఆదివారం సన్నగా వాన. ముగ్గురం లోపల కూర్చున్నాక ఆవిడ షట్టరు మళ్ళీ కిందికి దించేశారు. బల్బు వెలుగులో ఆ ఫోన్‌కేసి చూస్తూ కూర్చున్నాం. ఆరయింది. ఆరుంబావు దాటింది. నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. ఆరున్నర అయింది. ఏమీ లేదు. అత్తయ్యగారు కర్ర పిడిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. పిడి మీద వేళ్ళతో గంటలు మళ్ళీ లెక్కపెట్టుకుంటున్నారు. తన లెక్క తప్పిందేమోనని మా కన్నా ఆవిడే ఎక్కువ భయపడుతున్నారని అప్పుడు అర్థమైంది. ఇంకో నాలుగు నిమిషాలు గడిచాయి.

ఫోన్ మోగింది.

ఆవిడే ఎత్తారు. "ముందు ఎక్కడున్నావో చెప్పమ్మా," అన్నారు. అవతల ఏం వినబడిందో, "అట్లాంటానా," అని, రిసీవరు నాన్నగారి చేతిలో పెట్టి గోడవైపు తిరిగిపోయారు.

అక్క ఏడుస్తూనే చెప్పింది. మేలో బావగారి ఉద్యోగం పోయిందట. స్నేహితుడు అట్లాంటా రమ్మంటే వెళ్ళి అతని కొట్లో కౌంటరు దగ్గర నిలబడుతున్నారట. మళ్ళీ మంచి ఉద్యోగం దొరికాక చెబుదామని దాచిందట. తుఫాను నుంచీ సెల్ పనిచెయ్యక పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి రోజూ ప్రయత్నించిందట. "ఎప్పుడు చేసినా ఎంగేజే నాన్నగారూ. మీకేమైనా అయిందేమోనని భయపడి చచ్చాను," అంది. నాన్నగారు "సరేలే, సరేలే," అంటూనే ఉన్నారు. కొట్లో పని గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

నేను మాట్లాడి పెట్టేసరికి ఏడు దాటింది. అత్తయ్యగారికి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదు. తర్వాత కూడా ఎప్పుడూ పెట్టలేదు. ఇన్నేళ్ళలో నేను చేసిన బద్ధకాలన్నిటిలోకీ ఇదే పెద్దది.

ఆవిడ కళ్ళు పైటకొంగుతో తుడుచుకుని, షట్టరు దగ్గరికి వెళ్ళి ఒంటిచేత్తో పైకి లాగారు. మోకాలెత్తు లేచి అది ఇరుక్కుంది. ఆ సందులోంచి బయట మెట్టు దగ్గర కాళ్ళు కనిపించాయి. పదో పన్నెండో జతలు. బురద చెప్పులు, తడిసిన పంచె అంచులు, ఒక పట్టుచీర కుచ్చిళ్ళు. ఎప్పుడొచ్చారో ఏమో, ఒక్కరూ తలుపు కొట్టలేదు. ఒక్కరూ గొంతెత్తలేదు. వానలో అలాగే నిలబడి ఉన్నారు. కిందనుంచి ఎవరో పెద్దాయన గొంతు మెల్లిగా అడిగింది.

"అమ్మాయి పలికిందా అండీ?"

"ఆయ్, పలికిందండి," అన్నారు అత్తయ్యగారు. బయటినుంచి నాలుగైదు చేతులు షట్టరు అంచు పట్టుకుని పైకి లేపాయి.