కోటు అంచు మీద నల్లటి గుర్తు

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ నవ్వులాటే. మా పెడనలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం ఉందేమో చూడండి అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. అందుకే ఇది చెప్పడానికి నాకే కాస్త సిగ్గుగా ఉంది.

నేను పుట్టింది కలంకారీ అద్దకం పని చేసే ఇంట్లో. పెళ్లయ్యాక కూడా అమ్మ పక్కనే నిలబడి చెక్క అచ్చులతో చీరలు అద్దేదాన్ని. మావయ్యగారు మంచాన పడితే చూసుకున్నది నేనే. ఆ పని నాకు చేతనవుతుందని అప్పుడే తెలిసింది. ఆయన పోయాక, ముప్పై నాలుగో ఏట, బందరులో నర్సింగ్‌లో చేరాను. క్లాసులో పిల్లలు నన్ను అక్కా అనాలో ఆంటీ అనాలో తేల్చుకోలేక కొన్నాళ్లు అసలు పిలవడమే మానేశారు.

అమ్మకు మాత్రం ఇది రుచించలేదు. "చేతిలో ఉన్న పని వదిలేసి ఈ వయసులో పుస్తకాల సంచీ ఏంటే" అంది. తిట్టలేదు, ఆపలేదు. బాగుందని కూడా అనలేదు.

నోటితో మెచ్చుకోవడం ఆవిడకు రాదు. అద్దిన చీర కంటికి నచ్చితే, నల్లరంగులో బొటనవేలు ముంచి అంచు లోపలి పక్క ఒక గుర్తు నొక్కేది. వంక ఉంటే నొక్కేది కాదు. చిన్నప్పటి నుంచీ నాకూ అన్నయ్యకూ అదే మెప్పు. నా మొదటి ఏడాది పరీక్షలు కాకముందే ఆవిడ గుండెపోటుతో పోయింది.

ఆ తర్వాతే నాకు చెయ్యి వణకడం మొదలైంది. బొమ్మ చేతికి సెలైన్ సూది బాగానే పెట్టేదాన్ని. మనిషి చెయ్యి పట్టుకుంటే చాలు, వణుకే. ఇద్దరు ముగ్గురి చేతులు వాచిపోయాక వార్డు సిస్టర్ గారు పక్కకు పిలిచి, "చూడమ్మా, ఈసారి కూడా కుదరకపోతే ఇంకో దారి ఆలోచించుకో. పేషెంట్లను ఏడిపించలేం కదా" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. బస్సులో పెడన దాకా ఏడుస్తూనే వెళ్లాను.

మర్నాడు పొద్దున, నాగాయలంక నుంచి వాంతులు, విరేచనాలతో వచ్చిన ఒక పెద్దాయనకు సెలైన్ పెట్టమన్నారు. ఒంట్లో నీరు లేక ఆయన నరాలు దొరకడం లేదు. సిస్టర్ గారు మంచానికి అవతల నిలబడ్డారు. కిటికీ ఎండ మంచం మీద పడుతోంది. నా వెనక గోడ తప్ప ఏమీ లేదు.

సూది చేతిలోకి తీసుకున్నాను. చెయ్యి వణికింది. అప్పుడు వెనక నుంచి ఎవరో నా కుడి మణికట్టు పట్టుకున్నారు. పైన నాలుగు వేళ్లు, లోపలి పక్క బొటనవేలు. చిన్నప్పుడు అచ్చు పట్టడం నేర్పేటప్పుడు అమ్మ సరిగ్గా అలాగే పట్టుకునేది. భయపడేంత తీరిక కూడా లేదు. వణుకు ఆగిపోయింది. సూది సాఫీగా నరంలోకి దిగింది.

పెద్దాయన కళ్లు తెరవకుండానే, "అయిపోయిందా తల్లీ? తెలియనే లేదు" అన్నాడు. నాకు ఊపిరి వచ్చినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే గోడే ఉంది.

"బాగా పెట్టావు" అన్నారు సిస్టర్ గారు. ఆ వెంటనే, "ఆ మరకేంటి? కోటు ఉతుక్కుని రావా?" అన్నారు.

మణికట్టు దగ్గర, కోటు అంచు లోపలి పక్క, బొటనవేలంత నల్లటి గుర్తు. గుడివాడలో కుట్టించిన నూలు కోటు అది, పొద్దున్నే ఇస్త్రీ చేసి వేసుకున్నాను. అమ్మ పోయాక అద్దకం షెడ్డులో నేను అడుగు పెట్టలేదు. బస్సు కడ్డీ మరక అనుకుందామంటే, సబ్బుకు ఇసుమంతైనా కదల్లేదు.

ఆదివారం అన్నయ్యకు చూపించాను. మా నల్లరంగు అంటే పాత ఇనుము, బెల్లం కలిపి నానబెట్టిన నీళ్లే. కరక్కాయ రసం పట్టించిన గుడ్డ మీద పడితేనే అది నల్లబడుతుంది. మామూలు గుడ్డ మీద లేత తుప్పు రంగులో ఉండిపోతుంది. అన్నయ్య ఆ రంగులో వేలు ముంచి, కోటు రెండో చేతి అంచు మీద నొక్కాడు. ఆరాక చూస్తే లేత తుప్పు రంగే.

"కరక్కాయ పట్టని గుడ్డకు నలుపెలా వచ్చిందే" అన్నాడు. రెండు అంచులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, "మొత్తానికి నీకు నొక్కిందన్నమాట" అన్నాడు. అప్పుడు నేను ఏడ్చాను, కానీ బస్సులో ఏడ్చిన ఏడుపు కాదది.

ఇప్పుడు చివరి ఏడాదిలో ఉన్నాను. ఆ రోజు తర్వాత చెయ్యి వణకలేదు, మణికట్టు ఎవరూ పట్టుకోలేదు. దెయ్యాల మీద నాకు నమ్మకం కుదరలేదు. ఆ గుర్తు ఎలా పడిందంటే చెప్పలేను. మనసు మాత్రం తేలికపడింది.

కోటుకు బ్లీచింగ్ పెట్టమని సిస్టర్ గారు కనిపించినప్పుడల్లా అంటారు. అలాగేనండీ అంటాను. పెట్టను.